కనకలక్ష్మి జల్లించిన పిండి

నాగబాబు మాట వినాలంటే ఓపిక ఉండాలి. నాలుగు మాటలు అంటాడు, ఆగుతాడు. ముక్కుకు తగిలించుకున్న గొట్టంలోంచి గాలి పీల్చుకుంటాడు. మూలనున్న ఆక్సిజన్ మిషను గుర్రుమంటూ ఉంటుంది. మళ్ళీ నాలుగు మాటలు. మనం తొందరపడి అతని వాక్యం మనమే పూర్తిచేస్తే కోపం వస్తుంది. "నా మాట నన్ను సెప్పనీ," అంటాడు. అందుకని నేను తొందరపడను. పోర్ట్‌బ్లెయిర్ శివారు గరాచర్మలో అతని ఇంటికి రెండిళ్ళ అవతలే మా ఇల్లు. సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటే ఈ కథ ముక్కలు ముక్కలుగా నా చేతికొచ్చింది. కొన్ని ముక్కలు అతనివి, కొన్ని అతని భార్య కనకలక్ష్మివి, ఒకటి రెండు పక్కింటి దేముడమ్మవి.

నాగబాబు పుట్టింది పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. పెద్దకొడుకుతో పాటు చిన్నవాడినీ పడవెక్కించాలని చూశాడు. పడవ కదిలితే చాలు, నాగబాబు కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసేది. వల లాగాల్సిన మనుషులు ఇతన్ని పట్టుకుని కూర్చోవలసి వచ్చేది. చివరికి తండ్రి విసిగిపోయి, ఈడు నీళ్ళకు పనికిరాడు, ఏ చెట్టయినా ఎక్కించండని తిట్టాడట. నాగబాబు చెట్టెక్కలేదు గాని ఇళ్ళ కప్పులెక్కాడు. రేకులు బిగించే మేస్త్రీ దగ్గర చేరాడు. పడవలో నిలబడలేని మనిషి సన్నటి దూలం మీద చెయ్యి పట్టుకోకుండా నడిచేవాడు. వాళ్ళన్న వచ్చి కింద నిలబడి చూసి, "ఇదేం తిరకాసురా, గట్టినేల మీద పుట్టినోడివి గాల్లో బతుకుతున్నావు," అని నవ్వేవాడు.

ఇక్కడి ఉప్పుగాలికి ఇనప రేకు తొందరగా తుప్పు పడుతుంది. అందుకని ఆ రోజుల్లో గోడౌన్లకూ, క్వార్టర్లకూ, షెడ్లకూ సిమెంటు రేకులే ఎక్కువ వేసేవారు. అందులో ఆస్బెస్టాస్ అనే రాతినార కలుస్తుంది. ఆ సంగతి నాగబాబుకు మొదటినుంచీ తెలుసు. ఆ నార వల్లే రేకు ఇన్నేళ్ళు నిలుస్తుందని మేస్త్రీ మెచ్చుకుంటూ చెప్పాడు. తెలిసింది అంతవరకే.

దీవుల్లో ఏడాదిలో సగానికి పైగా వాన. తడిసిన రేకును కోస్తే రంపం పళ్ళకు ముద్ద పడుతుంది, అంచు పెట్లిపోతుంది. కాబట్టి రేకుల్ని ముందే లోపలికి చేర్చి, చుట్టూ టార్పాలిన్లు దించి, వాన జల్లు పడకుండా పొడిగా ఉంచి కోసేవారు. మొదట్లో చేతిరంపం, తర్వాత కరెంటు మీద తిరిగే కోత మిషను. మిషను వచ్చాక ఆ టార్పాలిన్ల లోపల ఎదుటి మనిషి మొహం కనపడేది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదా అని అడిగాను. కట్టుకునేవారట. పైనున్నవాడు కిందవాడికి కొలత కేకేసి చెప్పాలి, గుడ్డ చాటునుంచి కేక వినపడదు. దాంతో గుడ్డ మెడలోకి జారేది, సాయంత్రం దాకా అక్కడే ఉండేది. పని దిగేసరికి అందరూ నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉండేవారు. "మసాలా పెట్టి పిండిలో దొర్లించిన చేపల్లాగున్నాం, నూనె ఒక్కటే తక్కువ" అని ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. ఆ దుమ్మును వాళ్ళు పిండి అనేవారు.

ఆ పిండి పారేయనక్కర్లేదని కనిపెట్టింది నాగబాబే. ఇక్కడి తడికి గోడలు పగుళ్ళిస్తాయి. వాటిలో ఉత్త సున్నం కుక్కితే నాలుగు వానలకు ఊడిపోతుంది. పిండిని మెత్తగా జల్లించి, సున్నంలో కలిపి, బెల్లం నీళ్ళు పోసి పిసికితే అందులోని సన్నపోగులు పగులును రెండు వైపులా పట్టి ఉంచుతాయి. ఆస్టినాబాద్ నుంచి గోల్ ఘర్ దాకా దాన్ని నాగబాబు లప్పం అనేవారు. మా వంటింటి గోడలో కూడా ఉంది.

జల్లించడం కనకలక్ష్మి వంతు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లోనే మొదలుపెట్టింది. పాత వాయిలు చీర ముక్కను తపేలా మూతికి బిగించి కట్టి, మీద పిండి పోసి అరచేత్తో రాసేది. గోడలు లేపి గదిలా చేసుకున్న వెనక వసారాలో కూర్చునేది. గాలికి ఎగిరిపోతుందని తలుపూ కిటికీ మూసుకునేది. చీర ముక్క వదులైతే రెండో కొస పట్టుకోవడానికి దేముడమ్మ వచ్చేది. ఇద్దరూ ఊళ్ళో వాళ్ళ కబుర్లన్నీ ఆ మూసిన తలుపుల వెనకే చెప్పుకున్నారు. నాగబాబు పని బట్టలు ఉతకడానికి ముందు కనకలక్ష్మి వాటిని తపేలా మీద దులిపేది, ఆ పిండి కూడా పోకుండా.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున నాగబాబు ఇంట్లోనే ఉన్నాడు. ముందు భూమి ఊగింది. గోడ మీద పైనుంచి కిందకు గీత గీసినట్టు పగులు దిగడం కళ్ళారా చూశాడు. కూతురు సింధూరిని చంకనేసుకుని మొగుడూ పెళ్ళాలు వీధిలోకి పరిగెత్తారు. తర్వాత సముద్రం వచ్చింది. గరాచర్మ ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు అందలేదు. జంగ్లీఘాట్‌లో అన్న పడవ రోడ్డు మీద బోర్లాపడి దొరికింది, అన్న ప్రాణాలతో మిగిలాడు. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన నీళ్ళు మాత్రం మళ్ళీ వెనక్కి పోలేదు. నేలే కిందికి కుంగిపోయిందన్నారు.

ఆ తర్వాత నెలల తరబడి భూమి కదులుతూనే ఉంది. జనం ఇళ్ళుండి కూడా బయట ప్లాస్టిక్ పట్టాల కింద పడుకున్నారు. లోపలికి వెళ్ళండని ఎవరు చెప్పినా వినలేదు. గోడలో పగులు కనపడుతున్నంతకాలం ఆ గోడ కింద పిల్లల్ని పడుకోబెట్టం అన్నారు. పగులు పూడితే మాత్రం వెళ్తామన్నారు. పూడ్చినంత మాత్రాన గోడ గట్టిపడదని నాగబాబుకు తెలుసు. కానీ కనపడని పగులును చూసి ఎవరూ భయపడరు. వాన నెలలు ముంచుకొస్తున్నాయి. ఎంతమంది వచ్చి అడిగారో, అందరికీ లప్పం ఇచ్చాడు.

కోతల్లో వచ్చిన పిండి చాలలేదు. విరిగిపడిన రేకులు ఊరినిండా ఉన్నాయి. వాటిని బస్తాల్లో తెచ్చి పడేస్తే కనకలక్ష్మీ దేముడమ్మా రోట్లో వేసి దంచారు. ఒకరు దంచుతుంటే ఒకరు జల్లించారు. నాగబాబు మరో దీవిలోని హట్‌బేలో కూలిన కప్పులు దించే పనికి ఓడెక్కి వెళ్ళిపోయాక కూడా వాళ్ళిద్దరూ ఆపలేదు. "ఊరందర్నీ ఇళ్ళలోకి తోలింది మేమే," అని దేముడమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ మాటలో గర్వం ఉండేది. ఈ మధ్య ఆ మాట సగంలో ఆపేస్తోంది.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకనాడు నాగబాబు నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు. కిందివాళ్ళు కొలత కోసం ఆగాడనుకున్నారు. అతనికి ఊపిరి అందలేదు. తర్వాత మెట్లు, తర్వాత ఎత్తురోడ్డు, ఆఖరికి స్నానాల గదికి నడవడం. పొడి దగ్గు. వేళ్ళ చివరలు ఉబ్బి, గోళ్ళు గుండ్రంగా వంగాయి. టీబీ అనుకుని మందులిచ్చారు. ఒక్క పూట తప్పకుండా మింగాడు. తగ్గలేదు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ మింగాడు. వృత్తి అడిగిన ప్రతివాళ్ళకూ మేస్త్రీ అని చెప్పాడు. ఆ ఒక్క మాటలో కప్పు లేదు, రేకు లేదు.

ఆ మాట దగ్గర ఆగినవాడు ఉదయ్‌కుమార్ అనే కుర్ర డాక్టరు. ఇక్కడ టీచర్లుగా పనిచేసిన ఆంధ్రావాళ్ళ అబ్బాయి.

"మేస్త్రీ అంటే ఏ మేస్త్రీ బాబాయ్? ఇటుకలా, చెక్కా?"

"రేకులు బాబూ. కప్పులు."

"ఏ రేకులు?"

చెప్పాడు. డాక్టరు కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఎలా కోసేవారో, ఎక్కడ కోసేవారో అంతా అడిగాడు. చివరికి స్టెతస్కోపు గొట్టాల కొసలు నాగబాబు చెవుల్లోనే పెట్టి, బిళ్ళను అతని వీపు కింది భాగాన ఆనించి ఊపిరి పీల్చమన్నాడు. పీల్చినప్పుడల్లా ఆఖర్న, ఎండుచేపల గంపలో ఎవరో చెయ్యి పెట్టి కదిపినట్టు చప్పుడు. రాతినార లోపల దిగబడి ఊపిరితిత్తులు మచ్చకట్టి బిగిసిపోయాయని డాక్టరు చెప్పాడు. ఇది టీబీ కాదు, పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదు, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాలి అన్నాడు. నాగబాబు అంతా విన్నాడు. తన సంగతి తనకు ముందే కొంత తెలుసన్నట్టు విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఇది కోసినోళ్ళకే వస్తాదా బాబూ?"

"ఎవరు పీల్చినా రావచ్చు బాబాయ్. ఇంట్లో ఆ బట్టలు ఉతికినవాళ్ళకు కూడా వచ్చిన సందర్భాలున్నాయి."

ఆ రోజు నుంచి నాగబాబు తన ఊపిరి లెక్కచేయడం మానేసి కనకలక్ష్మి ఊపిరి వినడం మొదలుపెట్టాడు. ఆమె నీళ్ళ బిందె దించితే వినేవాడు. పోపు వేసినప్పుడు దగ్గితే, అది పోపు దగ్గో కాదో అని చూసేవాడు. "నన్నలా సూత్తావేటి, పెళ్ళిచూపులా?" అని ఆమె విసుక్కునేది. ఒక ఏడాది ఏమీ లేదు. ఆ పై ఏడాది పోపు లేకుండానే దగ్గింది. కుడివైపు తిరిగి పడుకోలేకపోతోందని అతను గమనించాడు. ఉదయ్‌కుమార్ అప్పటికి పై చదువుకు మెయిన్‌లాండ్ వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. అతను గొట్టం తీసి గోడ పట్టుకుంటూ వచ్చి వెనక కూలబడ్డాడు. నీ వీపు మీద చెవి పెడతానన్నాడు.

"ఈ వయసులో ఏటి సరసం మావా. దేముడమ్మ సూసిందంటే ఊరంతా సెప్తాది."

"సూడనీ. ఊపిరి పీల్సు."

చెవి ఆనించాడు. ముందు తన ఊపిరే తనకు వినపడింది. కాసేపు దాన్ని బిగబట్టాడు. బిగబట్టడం అతనికి ప్రాణసంకటం. ఎండుచేపల చప్పుడు వస్తుందేమోనని భయపడ్డాడు. రాలేదు. ఎడమవైపు గాలి వచ్చీ పోయీ మామూలుగా ఉంది. కుడివైపుకు మారాడు. అక్కడ ఏ చప్పుడూ లేదు. గోడకు చెవి పెట్టినట్టుంది.

ఆస్పత్రికి వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళనంది. తను వెళ్తే ఇతనికి గొట్టం సర్దేదెవరు, కరెంటు పోతే విసిరేదెవరు, ముసల్తనానికి దగ్గు రాదా ఏమిటి అని సవాలక్ష సాకులు చెప్పింది. వారం రోజులు ఇదే వాదన. చివరికి ఒక ఉదయం నాగబాబు గొట్టం ముక్కునుంచి తీసి మంచం కోడుకు తగిలించాడు.

"నువ్వెల్తే పెట్టుకుంటాను. ఎల్లకపోతే నేదు."

ఆమె తిట్టింది, బతిమాలింది. గొట్టం బలవంతంగా పెట్టబోతే మొహం తిప్పేసుకున్నాడు. పెదాలు నీలం తిరుగుతున్నాయి. దేముడమ్మ వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టింది. సింధూరి గోల్ ఘర్‌లో ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది, ఆమెకు కబురు వెళ్ళింది. సింధూరి స్కూటీ మీద వచ్చి, అమ్మను వెనక కూర్చోబెట్టుకున్నాకే నాగబాబు గొట్టం అందుకున్నాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. కనకలక్ష్మి మొహం తేటగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరాయట. డాక్టరమ్మ దీపిక చాలా మంచిదట, సూది పెట్టి నీళ్ళు తీసేసిందట, ఎన్నాళ్ళ బరువో దిగినట్టుందట. ఇలా నీళ్ళు పట్టేది ఎక్కువగా టీబీ వల్లేనని, మందులు వాడితే తగ్గిపోతుందని చెప్పి గోలీలు ఇచ్చారట. ఆ రోజు ఆమె కుడివైపు తిరిగి పడుకుని చూపించింది కూడా.

నాగబాబు ఆ గోలీల అట్టను చేతిలోకి తీసుకుని చూశాడు. రంగు గుర్తుపట్టాడు, తను మింగినవే.

"ఏటి పని సేత్తావని అడిగిందా?"

"అడిగింది."

"ఏటి సెప్పావు?"

"ఏ పనీ నేదు, ఇంట్లోనే ఉంటాను, ఘర్ మే రహతీ హూఁ అన్నాను. నానేటి పని సేసినానని?"

"పిండి దంచినావు గదే. జల్లించినావు గదే."

"అదీ ఒక పనేనా? అలాగైతే అంట్లు తోమింది సెప్పాల, నీ గెడ్డం గీసింది సెప్పాల. డాక్టరమ్మకు ఏరే రోగులు నేరా?"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఈ సంగతి నాగబాబే నాకు చెప్పాడు. అంతమంది ఇళ్ళ గోడలు పూడ్చిన పని, ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి వారం చేసిన పని. ఆమెకది పనిగా తోచలేదు. తనకూ తోచలేదు. లప్పానికి తన పేరు పెట్టుకుని తిరిగాడు. ఎవరైనా అడిగితే తనే చేశానని చెప్పేవాడు.

మళ్ళీ వెళ్ళి చెప్పమన్నాడు. మొదట ఆమె తేలిగ్గా తీసుకుంది. రోజూ అదే పాట పాడేసరికి అతని భయమేమిటో ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక మరీ మొండికేసింది.

"పిండి అని సెప్తే ఎవరు తెచ్చారని అడుగుతారు. నా మొగుడు తెచ్చాడని నా నోటితో అనాల. అననుగాక అనను. నాకు టీబీ. డాక్టరమ్మే సెప్పింది. గోలీలు మింగుతున్నాను, తగ్గుతాది."

గోలీలు పొద్దున్నే పరగడుపున మింగేది. మింగిన తర్వాత నీళ్ళ గ్లాసు అతనికి కనపడేలా బోర్లించేది. నాగబాబు సింధూరిని పట్టుకున్నాడు. అమ్మకు తెలియకుండా నువ్వైనా చెప్పు అన్నాడు. సింధూరి మొహం దించుకుంది. "నాన్నా, డాక్టర్ నే దేఖా నా. డాక్టరమ్మ చూసింది కదా, టెన్షన్ పడకు," అంది. ఆ పిల్ల ఉయ్యాల కూడా ఆ వసారాలోనే ఉండేది. తండ్రీ కూతుళ్ళిద్దరికీ ఆ సంగతి గుర్తుంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఎత్తలేదు.

నెల తిరిగేసరికి కుడివైపు మళ్ళీ బరువెక్కింది. మళ్ళీ నీళ్ళు తీశారు, గోలీలు పని చెయ్యడానికి టైము పడుతుందన్నారు. ఆమె చిక్కిపోతోంది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. కూరలు రుచి లేవంటూ పక్కకు నెట్టేస్తోంది. నాగబాబు తన మంచం మీద కూర్చుని, తను అవే గోలీలు మింగుతూ పోగొట్టుకున్న ఏళ్ళను ఆమె కూడా పోగొట్టుకోవడం చూస్తున్నాడు. కూతురు తప్పుకున్నాక చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు చెప్పరు. రెండోవారు వీధి గుమ్మం దాటి ఏడాది దాటింది.

ఒకరోజు నాతో అన్నాడు, చిన్న ఆక్సిజన్ సిలిండరు ఎక్కడన్నా అద్దెకు దొరుకుతుందా అని. నేనూ సింధూరీ కలిసి సంపాదించాం. ఆటో గుమ్మం దాకా వచ్చింది. ఎక్కడికని కనకలక్ష్మి అడిగితే నా డాక్టరు దగ్గరికే అన్నాడు. ఆమె ఒంటరిగా పంపుతుందా. పక్కన కూర్చుంది. దారిలో సంగతి కనిపెట్టింది. ఆటో ఆపమనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుందట.

దీపిక డాక్టరమ్మ గదిలో జరిగింది సింధూరి చెప్పింది. నాన్న మొదటి మాట అనడానికే చాలాసేపు పట్టింది. వచ్చిన పేషెంటు ఈయనే అనుకుని డాక్టరమ్మ ఆయన వీపు మీద బిళ్ళ పెట్టబోయింది. నాన్న చెయ్యి అడ్డుపెట్టి, అమ్మను చూపించాడు. హిందీలో మొదలుపెట్టి, హిందీ అందక తెలుగులోకి వచ్చేశాడు. సింధూరి పక్కనుంచి హిందీలోకి తిప్పి చెప్పింది.

"ఈమె పని సేసింది. నాను రేకుల పిండి తెచ్చేవోడిని. ఈమె దంచేది. గుడ్డలో జల్లించేది. తలుపులు మూసుకుని. పెళ్ళయిన కాడినుంచి."

మధ్యలో డాక్టరమ్మ మిగతాది తనే అందుకోబోతే చెయ్యెత్తి ఆపి, మొత్తం తనే చెప్పాడు. చెమటలు కారిపోయాయి. డాక్టరమ్మ కనకలక్ష్మి వైపు తిరిగి, ఆంటీ, ఇంట్లోనే ఉంటానన్నారు కదా అని మెల్లగా అడిగింది.

"ఇంట్లోనే ఉన్నాను బేటీ," అంది కనకలక్ష్మి. "తలుపు తియ్యకుండా."

ఆ తర్వాత ఛాతీకి పెద్ద స్కాను ఫోటోలు తీశారు. పక్కటెముకల సందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు మెయిన్‌లాండ్ పంపారు. జవాబు వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టుకుని దాచకుండా చెప్పింది. ఊపిరితిత్తి మీది పొరకు పట్టిన క్యాన్సరు. ఆ రాతినార పీల్చినవాళ్ళకే ఎక్కువగా వచ్చే రకం. మెయిన్‌లాండ్ వెళ్ళి మందులు ఎక్కించుకుంటే కొన్నాళ్ళు కలిసి రావచ్చు, నయం కాదు. నొప్పికీ ఊపిరికీ ఇక్కడే చూస్తాం. టీబీ గోలీలు ఈ రోజు నుంచి ఆపేయండి.

ఇంటికొచ్చాక కనకలక్ష్మి మిగిలిన గోలీల అట్టను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆమె గొంతు హెచ్చించలేదు.

"ఇవి మింగుతున్నన్నాళ్ళూ తగ్గుతాదనుకున్నాను మావా. రోజూ పొద్దున్న లేత్తే మింగడానికి ఒకటి ఉండేది. దాన్నీ తీసీసినావు. రేపొద్దున్న ఏటి మింగాల నాను?"

నాగబాబు నోరు తెరిచాడు. ఊపిరి అందక మాట రాలేదో, అసలు మాటే లేదో నాకు తెలియలేదు. మేము తనకోసం ఆగాం. ఎంతసేపు ఆగినా ఆ వాక్యం రాలేదు.

వాకిలి అవతల దేముడమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. లోపలికి రాలేదు, చేతిలో ఉన్న కూర గిన్నె కింద పెట్టలేదు.

"గుడ్డకు రెండో కొస నాను పట్టుకున్నాను గదే కనకా," అంది.

కనకలక్ష్మి ఆమె వైపు చూసింది. గుమ్మంలో పక్కకు జరిగింది. దేముడమ్మ వచ్చి కూర్చుంది. గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ వీధి చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్నే కనకలక్ష్మి ఉతికిన చీర కట్టుకుని బస్సు స్టాపులో కనపడింది. పక్కన దేముడమ్మ. నాకేం రోగం, దగ్గైనా లేదు, నన్ను ఈడ్చుకెళ్తోంది చూడండి అని దేముడమ్మ నాకు ఫిర్యాదు చేసింది. కనకలక్ష్మికి నిలబడడమే కష్టంగా ఉంది, స్తంభం పట్టుకుంది. బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరూ ఒకరినొకరు తోసుకోవలసి వచ్చింది.

దీపిక డాక్టరమ్మ కొత్త పేషెంటును అడిగినట్టే దేముడమ్మను కూడా అడిగిందట, ఏం పని చేస్తారని. కుచ్ నహీ, ఏమీ లేదు అనబోయిందట దేముడమ్మ. కనకలక్ష్మి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"పిండి పని సేసింది బేటీ," అంది. "నాతోపాటు. రాసుకో."